ఎర్రగీత దాటిన ముల్లు

ఆగస్టు 31

ఆ రోజు సంగతి ఒక్కసారి రాసి పెట్టుకుంటాను. మళ్లీ రాయను.

ఆ పొద్దున నా భార్య సుచిత్ర నాకంటే ముందే లేచింది. చాయ్ పెట్టింది. చక్కెర తక్కువైందన్నాను. డబ్బా తెచ్చి నా ముందు పెట్టి పోయింది. తర్వాత వంటింట్లో కింద కూర్చుని పుంటికూర తెంపుతోంది. నేను ముందు గదిలో ఒక పత్తి జిన్నింగు మిల్లు రిపోర్టు రాస్తున్నాను. "తల పలిగిపోతుంది" అన్నది. గట్టిగా కూడా అనలేదు. నేను లేచి పోయేసరికి గోడకు ఒరిగి ఉంది. పక్కింటి కృపాకర్ కారు తీశాడు. దవాఖానలో స్కాన్ తీసి, తలలో రక్తనాళం చిట్లిందన్నారు. మధ్యాహ్నం దాకా ఊపిరి ఉంది. తర్వాత లేదు.

డాక్టరు చిన్నవాడు. మర్యాదగా చెప్పాడు. ముందు తెలిసే దారి లేదు సార్, ఎవరూ ఏమీ చేసేది లేదు, పదివేల మందిలో ఒకరికి అవుతుంది అన్నాడు.

పదివేలలో ఒకటి. ఆ మాట నేను నా జీవితంలో ఎన్నిసార్లు రాశానో. ఇన్సూరెన్సు కంపెనీల తరఫున మిల్లులు, ఫ్యాక్టరీలు తిరిగి, ఏ యంత్రం చెడే అవకాశం ఎంత, చెడితే ఎవరికి ఏమవుతుంది అని అంచనా కట్టడం నా పని. పదివేలలో ఒకటి అని వచ్చినప్పుడు పక్క గడిలో "ఫర్వాలేదు" అని రాస్తాము.

సెప్టెంబర్ 3

గీజర్ ప్లగ్గు తీసేశాను. చన్నీళ్లు చాలు.

సెప్టెంబర్ 5

గ్యాస్ సిలిండర్ వరండాలో పెట్టించి కొత్త పైపు వేయించాను. వేసినతను సబ్బు నురగ రాసి చూపించాడు. బుడగ రాలేదు. అతను పోయాక నేను మళ్లీ రాసి చూశాను. సాయంత్రం ఇంకోసారి.

ఇది భయం కాదు. జాగ్రత్త.

సెప్టెంబర్ 8

అత్తమ్మ వచ్చింది. కొండపాక నుంచి బస్సులో, ఒక సంచిలో జొన్న రొట్టెలు, పచ్చిపులుసు పట్టుకుని. బిడ్డ పోయిన తర్వాత ఆమె నా ముందు ఏడవలేదు. నేనూ ఆమె ముందు ఏడవలేదు. ఆ ఒప్పందం మేము మాట్లాడుకోకుండానే చేసుకున్నాము.

వాళ్లింట్లో కుక్కర్ మార్చమని మళ్లీ చెప్పాను. పాతది, రబ్బరు బిగుసుకుపోయింది.

"నీ పెండ్లికి ముందటి కుక్కర్ అది. నన్ను ఏం జెయ్యలే. నిన్నూ ఏం జెయ్యలే. ఎందుకు దాని వెంట వడ్డవు?" అన్నది.

"పాతదయింది అత్తమ్మా."

"నేనూ పాతదాన్నే అయిన. నన్ను గూడ మారుస్తవా?"

నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నవ్వు మధ్యలో ఆగి, నన్ను కొంచెంసేపు చూసి, కళ్లు దించుకుంది. ఆమె గొంతు సుచిత్ర గొంతే. ముసలిదైతే ఇట్లే మాట్లాడేది.

సెప్టెంబర్ 10

హరికిషన్ ఫోన్ చేశాడు. సుచిత్ర తమ్ముడు. కొండపాక అవతల అతనికి బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టి ఆడిస్తారు. ఆ ఆవిరి కోసం ఊక కాల్చే బాయిలర్.

"బావా, ఇంట్ల కూసుండి ఏం జేస్తవ్? దసరానాడు బాయిలర్ ముట్టిస్తున్నం. ఒక్కసారి వచ్చి సూసిపో. నువ్వు సూస్తె నాకూ ధైర్యం."

అతనికి నా సలహా అవసరం లేదు. నన్ను ఇంట్లోంచి బయటికి తీయాలని. అక్కలాగే. సాయం అడుగుతున్నట్టు సాయం చేస్తాడు.

పోతానన్నాను.

సెప్టెంబర్ 12

పోయి వచ్చాను.

బాయిలర్‌కు ఇప్పటికే వెండిరంగు వేశారు. దసరాకు మిల్లులో ప్రతి యంత్రాన్నీ కడిగి రంగు వేస్తారు. పూజనాడు పసుపు రాసి, కుంకుమ పెట్టి, తోరం కడతారు. మోటార్లు, త్రాసు, లారీ, అన్నీ. బాయిలర్ అన్నిటికంటే పెద్దది కాబట్టి దానికి ఎక్కువ రంగు, ఎక్కువ పసుపు. పైన రెండు సేఫ్టీ వాల్వులు. లోపల ఆవిరి ఒత్తిడి హద్దు దాటితే అవి తెరుచుకుని, ఈల వేసి, ఆవిరిని బయటికి వదలాలి. వాటికీ రంగు వేశారు. పై ఒంటికి మాత్రమే కాదు, నఖశిఖపర్యంతం. కదలవలసిన కమ్మీకీ, అది దూరే రంధ్రానికీ.

నేను నిచ్చెన మీద నిలబడి చూస్తుంటే కింద బట్టీ దగ్గర ఊక ఎత్తుతున్న అంజవ్వ అరిచింది.

"ఏంది సారూ, బాయిలర్‌ను సూడనీకి వచ్చిన్రా, పెండ్లిపిల్లను సూడనీకి వచ్చిన్రా? గంతసేపు సూస్తున్రు!"

పక్కన ఉన్న ఆడవాళ్లు నవ్వారు. "పిల్ల మంచిగున్నదే, జర లావున్నది గంతే" అని ఇంకొకామె.

బాయిలర్ నడిపే పర్శరాములు కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. ఎంతో గర్వంగా చెప్పాడు. "మా బాయిలర్ బంగారం సార్. పోయిన సీజన్ల ఒక్కసారంటె ఒక్కసారి ఈల వెయ్యలే."

"ప్రెషర్ ఎప్పుడూ హద్దు దాటలేదా?"

"దాటకేం. ఊక మంచిగ మండినప్పుడు ముల్లు ఎర్రగీత అవతలికి వోతుండె. నేను ఊక తక్కువ జేస్తె మళ్ల దిగుతుండె. ఏం గాలే."

నిచ్చెన దిగాను. బట్టీ పక్క గోడ మీద కూర్చున్నాను. ఆ గోడ మీదే ఆడవాళ్లు సద్దులు విప్పుకుని తింటారు. బాయిలర్‌కూ వాళ్ల వీపులకూ మధ్య ఒక ఇటుక గోడ. అంతే.

హరికిషన్ చాయ్ తెప్పించాడు. బాగుంది అన్నాను. రంగు గురించి ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో తెలియదు.

సెప్టెంబర్ 13

ముల్లు ఎర్రగీత దాటింది. వాల్వు ఈల వేయలేదు. దీనికి రెండే కారణాలు. ఒత్తిడి చూపే గేజీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది, అంటే లోపల నిజంగా అంత ఒత్తిడి లేదు, వాల్వులు తెరుచుకోవలసిన అవసరమే రాలేదు. లేదా గేజీ సరిగ్గా ఉంది, వాల్వులు రెండూ బిగుసుకుపోయాయి.

పాత గేజీలు ఎక్కువ చూపించడం మామూలే.

సెప్టెంబర్ 14

గేజీయే.

సెప్టెంబర్ 15

గేజీయే అయి ఉండాలి. ఒక వాల్వు బిగుసుకుంటుంది, రెండూ ఎట్లా బిగుసుకుంటాయి? అందుకేగా రెండు పెట్టేది.

సెప్టెంబర్ 17

మొన్న రాసింది తప్పు.

లెక్క ఇట్లా చేస్తాము. ఒక వాల్వు పనిచేయకుండా పోయే అవకాశం నూటికి ఒకటి అనుకుంటే, రెండూ ఒకేసారి పోయే అవకాశం పదివేలలో ఒకటి. గుణిస్తాము. ఫర్వాలేదు అని రాస్తాము. కానీ గుణించాలంటే ఒకదాని రోగానికీ ఇంకొకదాని రోగానికీ సంబంధం ఉండకూడదు. ఇక్కడ రెండింటికీ ఒకే రంగు. ఒకే చేయి, ఒకే కుంచె, ఒకే రోజు. ఒకటి బిగుసుకుంటే రెండోదీ బిగుసుకుంటుంది. గుణించడానికి ఏమీ లేదు. ఉన్నది నిజానికి ఒక్క వాల్వే.

పైగా ప్రతి దసరాకూ ఒక పొర. ఊక బూడిద, పసుపు, రంగు, ఆవిరి వేడికి మళ్లీ గట్టిపడి.

వాల్వు మీది లివరు చేత్తో లాగి చూడొచ్చు కదా అంటే, బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు లాగితే ఏమీ తెలియదు. లోపల ఆవిరి ఉన్నప్పుడే తెలుస్తుంది. అప్పుడు పక్కన నిలబడి తెలుసుకోవాలి.

సెప్టెంబర్ 19

హరికిషన్‌తో మాట్లాడాను. మిల్లు ఆఫీసులో, ఎదురుగా కూర్చుని.

"వాల్వులు విప్పించి హైదరాబాద్ పంపుదాం. కొత్తవైనా తెప్పిద్దాం. అప్పటిదాక ముట్టించొద్దు" అన్నాను.

"బావా, దసరా ముహూర్తం. ముందటి రోజే వడ్లు నానవోస్తం. నానినంక ఆవిరి పట్టకుంటె పులిసి వాసన వస్తయి. ఎవ్వడు కొంటడు?"

"అయితే నానబెట్టకు."

"సర్టిఫికెట్ గోడకు ఏలాడుతుంది గద, అదో."

"అది పరీక్ష చేసిననాటి మాట. రంగు తర్వాత వేసిన్రు."

అతను ఇంకా ఆ సర్టిఫికెట్ దిక్కే చూస్తున్నాడు. నేను తొందరపడ్డాను. ఇట్లా చెప్తే అర్థమవుతుందనుకున్నాను. "చూడు, ఇంట్లో కుక్కర్ మీద మంట ఉన్నా ఈల రాలేదనుకో, ఏం చేస్తావ్?"

"బావా, మళ్ల కుక్కరా!"

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, మెల్లగా అన్నాడు. "అమ్మ అంతా చెప్పింది. గీజర్ బందు వెట్టినవంట. సిలిండర్ బయట వెట్టినవంట. మొన్న నన్ను నిచ్చెన ఎక్కకుమన్నవ్. అక్క పోయినకాంచి నీకు అన్నిట్ల గదే కనవడ్తుంది. తప్పు లేదు బావా. నాక్కూడ రాత్రి నిద్ర వట్టదు. కని బాయిలర్‌ల ఏం లేదు."

అతను చెప్పింది నిజమే. గీజర్‌కు ఎంత భయపడ్డానో బాయిలర్‌కూ అంతే భయపడ్డాను. నా భయం అన్నిటికీ ఒకే అంకె చూపిస్తోంది. అట్లాంటి పనిముట్టు ఎవరైనా తెస్తే నేను పక్కన పడేస్తాను.

లేవబోతూ అడిగాను. "గేజీ ఒక్కటి విప్పి ఇయ్యి. పరీక్ష చేయించి తెస్తా. బాగుంటే ఇంక మాట్లాడ."

"గేజీ బాగలేదని వస్తె నీ మనసు నిమ్మళం అయితదా?"

"అయితది."

పర్శరాములును పిలిచి విప్పించాడు. పేపర్లో చుట్టి నా సంచిలో అతనే పెట్టాడు.

సెప్టెంబర్ 20

గేజీ బల్ల మీద ఉంది. ముల్లు సున్నా మీద ఉంది. సున్నా దగ్గర తప్పు లేదు. పైకి పోయినకొద్దీ తప్పు రావచ్చు.

సెప్టెంబర్ 22

ఇంట్లో ఉండలేక చంద్లాపూర్ రిజర్వాయర్ దగ్గరికి పోయాను. కట్ట మీద మనుషులు ఫోటోలు దిగుతున్నారు. సుచిత్రకు అక్కడి గాలి ఇష్టం. నేను నీళ్ల దిక్కు చూడలేకపోయాను. అంత నీరు ఒక్క కట్ట మీద ఆనుకుని ఉందని తప్ప ఇంకేమీ తోచలేదు. కట్టకు ఏమీ లేదు. నాకే. మక్కజొన్న కంకి కొన్నాను, తినకుండానే బస్సెక్కాను.

గేజీ ఇంకా పరీక్షకు ఇవ్వలేదు. పండుగ రద్దీ.

సెప్టెంబర్ 23

రద్దీ ఏమీ లేదు. ల్యాబులో దేవరాజుకు ఫోన్ చేస్తే ఎప్పుడైనా రమ్మంటాడు. నేనే పోవడం లేదు. గేజీ తప్పని తేలితే, మిల్లుకు ఏమీ కాదు, నా బుర్రే చెడింది. ఒప్పని తేలితే, నా బుర్ర బాగానే ఉంది, బాయిలర్ పక్కన అంతమంది కూర్చుని తింటున్నారు.

రెండింటిలో ఏది కావాలని నన్ను ఎవరైనా అడిగితే, నా బుర్రే చెడాలి.

సెప్టెంబర్ 24

గేజీ సరిగ్గానే ఉంది.

సెప్టెంబర్ 25

నిన్న ఎక్కువ రాయలేకపోయాను.

దేవరాజు నాతో చదువుకున్నవాడు. ఇప్పుడు కాలేజీలో ల్యాబు చూస్తాడు. పరీక్ష బల్ల మీద బిగించి, ఒత్తిడి కొంచెం కొంచెంగా పెంచుతూ, గేజీ ఎంత చూపిస్తుందో తనే చదివి చెప్పాడు. నేను గోడ దిక్కు తిరిగి నిలబడ్డాను. "ఒప్పు. ఒప్పు. ఇదీ ఒప్పే" అంటూ పోయాడు. ఎర్రగీత దగ్గర ఆగి, "ఇక్కడ కొంచెం తేడా ఉంది" అన్నాడు. నేను గిర్రున తిరిగాను.

"ఎటు?"

"వెంట్రుకవాసి తక్కువ చూపిస్తుంది. లెక్కలోకి రాదు."

తక్కువ. అంటే లోపల ముల్లు చెప్పినదానికంటే ఎక్కువే ఉండింది.

ఇంకోసారి చేయమన్నాను. చేశాడు. అదే.

"ఏందిరా, ఎవరి బాయిలర్‌ది?" అన్నాడు. "బంధువులది" అన్నాను. చాయ్ తాగిపొమ్మన్నాడు. తాగలేదు.

సెప్టెంబర్ 26

గేజీ తీసుకుని మిల్లుకు పోయాను. హరికిషన్‌కు చెప్పాను. ఈసారి కుక్కర్ గురించి మాట్లాడలేదు. పరీక్ష ఎవరు చేశారు, ఎట్లా చేశారు, ఎంత వచ్చింది, అంతే చెప్పాను.

అతని ముఖం కొంచెం మారింది. పర్శరాములును పిలిచాడు.

"ఇగ ముల్లు ఎర్రగీత దాటొద్దు. దాటితె నీ ఉద్యోగం దాటుతది."

"దాటనియ్య సేటూ. కండ్లల్ల వత్తులేసుకుని సూస్త" అన్నాడు పర్శరాములు.

నా దిక్కు తిరిగి, "సాలునా బావా? సీజన్ అయిపోంగనే వాల్వులు మార్పిస్త. నీ మీద ఒట్టు" అన్నాడు హరికిషన్.

మంచి ఏర్పాటే. మనిషి కాపలా ఉంటాడు. తెలిసినవాడు. జాగ్రత్తగలవాడు. ఇది చాలు.

సెప్టెంబర్ 27

చాలదు.

ముల్లును చూసే మనిషి తిండికి పోతాడు. ఫోన్ ఎత్తుతాడు. బిడ్డకు జ్వరమొస్తే ఇంటికి పోతాడు, అప్పుడు ఇంకొకడు నిలబడతాడు. మనిషి అలసిపోతాడనే వాల్వు కనిపెట్టారు. వాల్వు చేయాల్సిన పని మనిషికి అప్పగించి, చాలు అని రాశాను.

మిల్లు ఇన్సూరెన్సు కంపెనీకి మెయిల్ పెట్టాను. పండుగ తర్వాత చూస్తామని జవాబు. బాయిలర్లు తనిఖీ చేసే సర్కారు ఆఫీసుకు ఫోన్ చేశాను. సెలవులు, ఎవరూ ఎత్తలేదు. వాళ్ల తప్పేమీ లేదు. అందరికీ పండుగే.

హరికిషన్‌కు మళ్లీ ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తి, "బావా, పూజ సామాన్లకు పోతున్న, మళ్ల మాట్లాడ్త" అన్నాడు. తర్వాత ఎత్తలేదు.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. వీధి నిండా పాటలు. కిటికీలు వేసుకున్నాను.

అంజవ్వ కూడా ఎక్కడో ఆడుతూ ఉంటుంది. ఎల్లుండి నుంచి ఆ గోడ మీద కూర్చుని తింటుంది.

అక్టోబర్ 1

పగలు అత్తమ్మ వచ్చింది. ఈసారి రొట్టెలు తేలేదు. బస్సులో ఇంతదూరం ఒక్క మాట చెప్పడానికి వచ్చింది.

"రేపు మిల్లు దిక్కు రాకు బిడ్డా. తప్పు వట్టుకోకు."

"ఎందుకు అత్తమ్మా?"

"పెండ్లాం వోయి ఏడాది తిరగని మనిషి పూజల నిలవడొద్దంటరు. మా ఇండ్లల్ల గట్టిగ వట్టిచ్చుకుంటరు. అయ్యగారు ముందే అడిగిండు, ఇంట్ల ఎవరన్న అసుంటోళ్లు ఉన్నరా అని."

రానని చెప్పబోయాను. ఊరికే అడిగాను. "వస్తే ఏమవుతుంది?"

"వస్తె గాదు. ముట్టుకుంటె. పూజ అయినంక అసుంటి మనిషి చెయ్యి తగిల్తె అగ్గి ముట్టియ్యరు. మళ్ల శుద్ధి జేపియ్యాలె, మళ్ల ముహూర్తం వెట్టియ్యాలె. మీ మామ ఉన్నప్పుడు గిట్లనే అయింది. మా చిన్నాయినకు పెండ్లాం సచ్చి రెండు నెలలైంది. వద్దన్నా వచ్చి, తోరం గట్టినంక యంత్రం మీద చెయ్యి వెట్టిండు. పున్నమి దాక మిల్లు బందు వెట్టినం. మీ మామ పాణం వొయ్యేదాక ఆయనతోని మాట్లాడలే."

"పున్నమి దాక ఊరుకున్నారా?"

"ఊకోక ఏం జేస్తరు? దేవుని మీదికెల్లి పోతరా?"

"నానబెట్టిన వడ్లు?"

"వోయినయి. మొత్తం ఒర్రెల పోసిన్రు."

నీళ్లు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"మావోడు నీ మాట వినలేదంట గద" అన్నది.

"వినలేదు."

"నువ్వు సెప్పింది నిజమేనా?"

"నా భయం సంగతి తెలియదు అత్తమ్మా. నిజమో కాదో చెప్పలేను. గేజీ మాత్రం ఇంకొకరు చూశారు. నేను గోడ దిక్కు తిరిగి ఉన్నాను."

ఆమెకు అర్థమైందో లేదో. లేచి చెప్పులు వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "రాకు బిడ్డా. నాకు ఒక్కడే మిగిలిండు" అన్నది. హరికిషన్‌తో నా సంబంధం చెడగొట్టుకోకని అన్నదో, అతన్ని బతికించమని అన్నదో నాకు తెలియదు. అడగలేదు. ఆటో ఎక్కించి వచ్చాను.

సాయంత్రం.

అన్నీ మళ్లీ ఒకసారి చూసుకున్నాను. బాయిలర్ రేపే పేలుతుందని నేను చెప్పలేను. రేపు ఏమీ కాకపోవచ్చు. పోయిన సీజన్ అంతా ఏమీ కాలేదు. ఈ సీజన్ కూడా ఏమీ కాకపోవచ్చు. అప్పుడు నేను భార్య పోయిన బాధలో మిల్లు చెడగొట్టిన బావను. నానిన వడ్లు పారబోయించినవాణ్ణి. పూజ మైల చేసినవాణ్ణి. ఏమీ జరగకపోతే, ఏమి జరగకుండా ఆపానో చూపించడానికి నా చేతిలో ఏమీ ఉండదు. నా ఉద్యోగంలో ఎప్పుడూ అంతే. ఎప్పుడూ ఇంత భయం వేయలేదు.

హరికిషన్ మళ్లీ మాట్లాడడు. అత్తమ్మ రాదు. సుచిత్ర గొంతు, సుచిత్ర మాట తీరు ఈ భూమి మీద వాళ్లిద్దరి దగ్గరే ఉంది. అది కూడా పోతుంది.

అయినా వాళ్లు ఉంటారు. ఎక్కడో నన్ను తిట్టుకుంటూ ఉంటారు.

పున్నమి ఎంతో దూరం లేదు, అయినా ఆ కొన్ని రోజులు దొరికితే చాలు. అయ్యగారు వెంటనే ముహూర్తం పెట్టకుండా ఉంటే బాగుండు. ఆలోగా ఆఫీసులు తెరుస్తారు. కంపెనీవాళ్లు జవాబిస్తారు. ఖాళీగా ఉన్న బాయిలర్‌కు వాల్వులు విప్పడం పెద్ద పని కాదు.

భయమేస్తోంది. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు, ఎవరు చదువుతారు.

రేపు పొద్దున మొదటి బస్సుకు కొండపాక పోతాను. గేటు బయట నిలబడతాను. పూజ అయ్యేదాకా లోపలికి పోను. హారతి అయి, పర్శరాములు అగ్గి పట్టుకుని బట్టీ దగ్గరికి వచ్చినప్పుడు లోపలికి నడుస్తాను. హరికిషన్, అత్తమ్మ, అయ్యగారు, ఆడవాళ్లు అందరూ చూస్తుండగా, ఆ బాయిలర్ మీద రెండు చేతులూ పెడతాను.